ఎనిమిదిని నాలుగుతో నాలుగు రకాలుగా

భాస్కరాచార్యుడు 1150లో పూర్తిచేసిన ‘సిద్ధాంత శిరోమణి’లో ‘బీజగణితం’ ఒక భాగం. తెలియని రాశుల జోలికి పోకముందే, పుస్తకం మొదట్లోనే, ధన రుణ సంఖ్యలతో చేసే ఆరు పనుల ప్రకరణం వస్తుంది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గం, వర్గమూలం. ఇందులో భాగహారానికి ఆయన కేటాయించిన చోటు చాలా కొద్ది. సూత్రానికి ఒక పాదం నిండా కూడా లేదు. ఉదాహరణకు ఒకే ఒక్క శ్లోకం. ఆ శ్లోకంలో వచ్చే సంఖ్యలు రెండే: ఎనిమిది, నాలుగు.

ఎనిమిదిని నాలుగుతో భాగించాలి. ముందు రెండూ ధనం, తరవాత రెండూ రుణం. ఆపైన రుణాన్ని ధనంతో, చివరికి ధనాన్ని రుణంతో. బాగా తెలిసినవాడివైతే త్వరగా చెప్పు అని శిష్యుణ్ణి అడుగుతాడు. అంతే లెక్క. చూడ్డానికి ఇంత చిన్నది గనకే చాలామంది చదివి దాటిపోతారు. నాకు మాత్రం, ఏడో తరగతి పిల్లలకు పూర్ణ సంఖ్యల భాగహారం నేర్పడానికి ఇంతకన్నా తీర్చిదిద్దిన అభ్యాసం మరొకటి కనబడలేదు. ఎనిమిది వందల ఏళ్లు దాటిన ఈ లెక్కలో ఎక్కడెక్కడ చెయ్యి తిరిగిన పనితనం ఉందో దగ్గరగా చూడాలి.

ముందు ఒకమాట. గుర్తుల నియమం భాస్కరుడు కనిపెట్టింది కాదు. బ్రహ్మగుప్తుడు 628లోనే ‘బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం’ పద్దెనిమిదో అధ్యాయంలో దాన్ని స్పష్టంగా చెప్పాడు. ధనాన్ని ధనంతో భాగించినా, రుణాన్ని రుణంతో భాగించినా ధనం; గుర్తులు వేరైతే రుణం. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’లో అదే చెప్పాడు. మన పావులూరి మల్లన తెలుగు చేసింది ఆ మహావీరుడి పుస్తకాన్నే. కాబట్టి భాస్కరుడి చేతికి నియమం తయారుగా వచ్చింది. దాన్ని పిల్లవాడి చేతికి ఎలా అందించాలన్నదే ఆయన ముందున్న పని. నేను మెచ్చుకుంటున్నది ఆ అందించిన తీరునే.

మన పాఠ్యపుస్తకాలూ, వర్క్‌షీట్లూ ఇచ్చే లెక్కలు ఎలా ఉంటాయి? (−36) ÷ 9, 45 ÷ (−5), (−56) ÷ (−7), (−91) ÷ 13. ప్రతి లెక్కకూ కొత్త సంఖ్యలు. పిల్ల ప్రతిసారీ ఎక్కం తలుచుకోవాలి. ఏడో ఎక్కంలో 56 ఎక్కడుందో వెతికేసరికి బుర్ర అలిసిపోతుంది, గుర్తు సంగతి చివర్లో గబగబా తేల్చేస్తుంది. తప్పు వస్తే అది ఎక్కంలో వచ్చిన తప్పా, గుర్తులో వచ్చిన తప్పా అని విడదీసి చూడాల్సిన బాధ్యత టీచరు మీద పడుతుంది. నలభై మంది ఉన్న క్లాసులో ఆ పని ఎవరూ చేయలేరు.

భాస్కరుడి లెక్కలో ఆ గొడవే లేదు. ఎనిమిదిలో నాలుగు రెండుసార్లని ఒకటో ఎక్కం దాటిన ఎవరికైనా తెలుసు. జవాబులో అంకె ముందే తేలిపోయింది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఆ రెండు ధనమా, రుణమా? పిల్ల ధ్యాసంతా అక్కడే నిలుస్తుంది. నేర్పదలచుకున్నదాన్ని మాత్రమే మారుస్తూ, తక్కినదంతా కదలకుండా పట్టి ఉంచడం మంచి ఉపాధ్యాయుడి లక్షణం.

ఎనిమిది, నాలుగు అనే జతలో ఇంకో మేలు ఉంది. వాటిని కూడితే 12, తీసేస్తే 4, గుణిస్తే 32, భాగిస్తే 2. నాలుగూ నాలుగు వేర్వేరు సంఖ్యలు. పిల్ల పొరపాటున వేరే పని చేస్తే జవాబు చూడగానే పట్టేయవచ్చు. దీని బదులు 4, 2 అనే జత తీసుకుంటే తీసివేసినా రెండే, భాగించినా రెండే. తప్పు దాక్కుంటుంది. ఆయన ఇది ఆలోచించే ఎంచాడని నేను చెప్పలేను గానీ, ఆ జత వాడినవాళ్లకు ఆ ప్రయోజనం దక్కుతుంది.

ఈ ప్రయోజనం ఎంత అవసరమో తెలియాలంటే ఏడో తరగతి నోటు పుస్తకం తెరిచి చూడాలి. గుణకారం, భాగహారం పాఠాలు అయిన వారానికి చాలా నోటు పుస్తకాల్లో (−8) + (−4) = 12 అని కనిపిస్తుంది. అంతకుముందు వారం ఇదే పిల్ల −12 అని సరిగ్గా రాసింది. మధ్యలో ఏమైంది? ‘మైనస్ మైనస్ ప్లస్’ అనే పాట వచ్చి చేరింది. ఆ పాటలో ఏ పని చేస్తున్నప్పుడో చెప్పలేదు. రెండు మైనస్‌లు ఎక్కడ కనబడితే అక్కడ పిల్ల ప్లస్ పెట్టేస్తుంది. జవాబులో 12 ఉంది గనక పిల్ల కూడిందనీ, గుర్తు మాత్రం పాట నుంచి తెచ్చిందనీ తెలిసిపోతుంది. రోగం ఏమిటో తెలిస్తే మందు సులువు.

భాస్కరుడి సూత్రంలో ఇలాంటి గాలిపాటకు చోటు లేదు. కూడికకు వేరే నియమం, దానికి వేరే ఉదాహరణ. రెండూ ఒకే జాతివైతే కలపాలి, వేరు జాతులైతే తేడా తీయాలి. గుణకారం దగ్గరికి వచ్చాకే రెండు రుణాల లబ్ధం ధనమని చెబుతాడు. ఆ వెంటనే, భాగహారంలోనూ ఇదే పద్ధతి అని రెండు మాటల్లో ముగిస్తాడు. ఏ నియమం ఏ పనికి చెందిందో విడిపోకుండా కట్టి ఉంచాడు.

ఇప్పుడు ఉదాహరణ శ్లోకాలు రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. గుణకారానికి ఆయన ఇచ్చిన జత రెండు, మూడు. అక్కడ మూడే అమరికలు అడుగుతాడు: ధనం ధనంతో, రుణం రుణంతో, ధనం రుణంతో. భాగహారానికి వచ్చేసరికి నాలుగు. రుణాన్ని ధనంతో, ధనాన్ని రుణంతో, ఈ రెంటినీ విడివిడిగా అడుగుతాడు. ఎందుకీ తేడా? గుణకారంలో ఏది ముందు, ఏది వెనక అన్నది పట్టింపు కాదు. రెండు మూళ్లైనా మూడు రెళ్లైనా ఆరే. కనక మూడు అమరికలతో కథ పూర్తయింది. భాగహారంలో విభాజ్యం వేరు, విభాజకం వేరు. ఒకదాని చోట ఇంకోటి పెడితే లెక్కే మారిపోతుంది. ఎనిమిది మీద మైనస్ ఉండడం ఒక సంగతి, నాలుగు మీద ఉండడం ఇంకో సంగతి. జవాబు రెండు చోట్లా −2 అయినా అవి ఒకే ప్రశ్న కావు. ఈ సంగతి ఆయన ఎక్కడా విడమరిచి చెప్పలేదు. అభ్యాసంలో ఒక ప్రశ్న పెంచి ఊరుకున్నాడు.

ఇక వరస. నా దృష్టిలో అసలు పనితనం ఇక్కడే ఉంది.

మొదటిది, 8 ÷ 4. ఎనిమిది రూపాయలను నలుగురికి పంచితే తలకు రెండు. ఏ పిల్లయినా చెబుతుంది.

రెండోది, (−8) ÷ (−4). పంపకం ఇక్కడ పనికిరాదు, మైనస్ నలుగురు మనుషులంటూ ఉండరు. కానీ భాగహారానికి పంపకం కాక ఇంకో అర్థం ఉంది, కొలత. ఎనిమిదిలో నాలుగులు ఎన్ని అన్నట్టే, ఎనిమిది రూపాయల అప్పులో నాలుగేసి రూపాయల అప్పులు ఎన్ని అని అడగవచ్చు. రెండు. అదీ ధన రెండే, ఎందుకంటే మనం లెక్కపెడుతున్నది ఎన్నిసార్లు అని. గుర్తుల నియమం ఊసెత్తకుండానే పిల్ల సరైన జవాబుకు వచ్చేస్తుంది.

మూడోది, (−8) ÷ 4. మళ్లీ పంపకం. ఎనిమిది రూపాయల అప్పును నలుగురు సమంగా నెత్తిన వేసుకుంటే తలకు రెండు రూపాయల అప్పు, అంటే −2.

నాలుగోది, 8 ÷ (−4). ఇక్కడ పిల్ల ఆగిపోతుంది. ఆగిపోవాలి కూడా. మైనస్ నలుగురికి పంచలేం. ఎనిమిది రూపాయల సొమ్ములో నాలుగు రూపాయల అప్పులు ఎన్ని ఉన్నాయంటే అర్థం కుదరదు. అంతవరకు నడిపించిన రెండు అర్థాలూ చేతులెత్తేశాయి. ఇప్పుడు పట్టుకోవడానికి ఉన్నది ఒక్కటే: భాగహారం గుణకారానికి తిరుగుదారి. ‘ఏ సంఖ్యను −4తో గుణిస్తే 8 వస్తుందో చెప్పు, కన్నా’ అనాలి. పిల్ల ముందు 2 వేసి చూస్తుంది, −8 వస్తుంది. తరవాత −2 వేసి చూస్తుంది, 8 వస్తుంది. జవాబు దొరికింది. అది ఎవరో చెప్పిన నియమం వల్ల దొరికింది కాదు, తను సరిచూసుకున్నందువల్ల దొరికింది. భాగహారంలోనూ గుణకారం పద్ధతే అన్న ఆ చిన్న ముక్క ఎంత బరువు మోస్తోందో నాలుగో ప్రశ్న దగ్గరే అర్థమవుతుంది.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్నను చివరికి ఉంచడం చూడండి. మన వర్క్‌షీట్లలో 45 ÷ (−5) రెండో లెక్కగానో మూడో లెక్కగానో వచ్చేస్తుంది. పిల్లకు అర్థమే పట్టని చోట మొదలుపెట్టి, నియమం కంఠతా పట్టించి, తరవాత అర్థమైన చోటుకు తీసుకువస్తాం. ఈలోగా లెక్కలంటే కంఠతానే అన్న అభిప్రాయం గట్టిపడిపోతుంది. దాన్ని తరవాత తుడిచేయడం చాలా కష్టం.

ఇందులో తడబడే పిల్లను చూసి ఎవరూ చిన్నబుచ్చకూడదు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఆంత్వాన్ ఆర్నో అనే పండితుడు సరిగ్గా ఈ భాగహారం దగ్గరే అభ్యంతరం లేవనెత్తాడు. 1ని −1తో భాగించినా, −1ని 1తో భాగించినా ఒకటేనంటున్నారు. పెద్దదానికి చిన్నదానితో ఉన్న నిష్పత్తీ, చిన్నదానికి పెద్దదానితో ఉన్న నిష్పత్తీ ఎలా సమానమవుతాయి? అదీ ఆయన ప్రశ్న. చాలా గట్టి ప్రశ్న. సంఖ్యకు పరిమాణం ఒకటి, దిశ ఒకటి అని విడదీసి చూడకపోతే దీనికి జవాబు లేదు. మూడో అమరికనూ నాలుగో అమరికనూ భాస్కరుడు వేర్వేరుగా అడగడం సరిగ్గా ఈ చోటులోనే వేలు పెట్టడం.

దిశ అన్న మాట వచ్చింది గనక భాస్కరుడిదే అయిన ‘లీలావతి’లోని ఒక త్రిభుజం చూపించాలి. భుజాలు 10, 17, భూమి 9. శిఖరం నుంచి దించిన లంబం భూమిని ఏ రెండు ముక్కలుగా చేస్తుంది? భుజాల మొత్తం 27, తేడా 7, రెంటి లబ్ధాన్ని భూమి 9తో భాగిస్తే 21. దీన్ని 9కి కలిపి సగం చేస్తే ఒక ముక్క 15. 9లోంచి తీసి సగం చేస్తే రెండోది రావాలి. కానీ 9లోంచి 21 పోదు. మన రాతలో (−12) ÷ 2 = −6. భాస్కరుడు ఈ ఆరును రుణమని చెప్పి, దిశ తిరగబడిందని దాని అర్థమన్నాడు. గీసి చూస్తే నిజమే. ఒక మూల గురుకోణం కావడంతో లంబం భూమి మీద పడకుండా, బయట, ఆరు ప్రమాణాల దూరంలో పడుతుంది. లంబం 8, వైశాల్యం 36. స్కేలు, పెన్సిలు పట్టుకున్న ఏడో తరగతి పిల్ల ఈ −6ను కాగితం మీద కళ్లారా చూడగలదు. భాగిస్తే వచ్చిన మైనస్ ఎక్కడికి పోయిందో వేలితో చూపించగలదు.

భాస్కరుడు కారణాలు రాయలేదన్న లోటును వ్యాఖ్యాత తీర్చాడు. జహంగీరు ఆదరణ పొందిన జ్యోతిష్కుడు కృష్ణ దైవజ్ఞుడు ‘బీజగణితం’ మీద ‘బీజపల్లవం’ అనే వ్యాఖ్య రాశాడు. రుణత్వం మూడు రకాలని అందులో చెప్పాడు: చోటును బట్టి, కాలాన్ని బట్టి, వస్తువును బట్టి. తూర్పు ధనమైతే పడమర రుణం. రాబోయే రోజులు ధనమైతే గడిచిన రోజులు రుణం. సొమ్ము ధనమైతే అప్పు రుణం. పిల్లలకు నేర్పేవాళ్లు ఈ విభజనను గోడ మీద రాసుకోవాలి. మనం సాధారణంగా అప్పు దగ్గరే ఆగిపోతాం. నాలుగో అమరిక అప్పుకు లొంగదు. కాలానికి లొంగుతుంది.

ఎలాగో చూపిస్తాను. మేడ మీద నీళ్ల ట్యాంకు ఉంది. ఇప్పుడున్న నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో సున్నా గీత గీయండి. మోటారు వేసి ఉంది, మట్టం గంటకు 4 సెంటీమీటర్లు పెరుగుతోంది. గీతకు 8 పైన ఎప్పుడుంటుంది? 8 ÷ 4 = 2, రెండు గంటలకు. 8 కింద ఎప్పుడుంది? (−8) ÷ 4 = −2, రెండు గంటల కిందట. ఇప్పుడు ఇంకో సందర్భం: మోటారు ఆగి ఉంది, కుళాయి విప్పి ఉంది. మట్టం గంటకు 4 తగ్గుతోంది, అంటే −4. కుళాయి పొద్దున్నుంచీ ఇదే ధారలో పోతోందనుకోండి. 8 కింద ఎప్పుడుంటుంది? (−8) ÷ (−4) = 2, రెండు గంటలకు. 8 పైన ఎప్పుడుంది? 8 ÷ (−4) = −2, రెండు గంటల కిందట. తగ్గుతూ వస్తున్న నీళ్లు ఒకప్పుడు ఎక్కువ ఉండే ఉండాలి కదా! భాస్కరుడి నాలుగు ప్రశ్నలూ ఒకే ట్యాంకులో, ఒక్కదాన్ని కూడా వంచకుండా ఇమిడిపోయాయి. ఆర్నో ప్రశ్నకు కూడా ఇక్కడ జవాబుంది. రెండు −2లూ గతాన్నే చూపిస్తున్నాయి, కానీ ఒక గతంలో ట్యాంకు వెలితిగా ఉంది, ఇంకో గతంలో నిండుగా ఉంది.

రాత గురించి ఒక చిన్న సంగతి. రుణ సంఖ్యను చూపడానికి భాస్కరుడు అంకె నెత్తిన చుక్క పెట్టమన్నాడు. తీసివేతకూ రుణానికీ ఒకే గీత వాడే మన అలవాటులో పిల్లలు పడే తికమక ఆ పద్ధతిలో లేదు. చుక్క సంఖ్యకే అంటుకుని ఉంటుంది, చేసే పనితో దానికి సంబంధం లేదు. మనం బ్రాకెట్లతో ఆ తేడా నిలబెట్టుకుంటున్నాం. అందుకే పిల్లలు బద్ధకించి 8 ÷ −4 అని రాస్తే ఊరుకోకూడదు. మొదటి కొన్నాళ్లు రుణ సంఖ్యను వేరే రంగు పెన్నుతో రాయించినా మంచిదే.

ఈ లెక్కను పొగుడుతున్నానని దీనికి హద్దులు లేవనడం లేదు. ఎనిమిది, నాలుగు నిశ్శేషంగా తెగిపోతాయి. 7 ÷ (−2) దగ్గర ఏమవుతుందో ఇది చెప్పదు, దానికి అకరణీయ సంఖ్యల దాకా ఆగాలి. సున్నాతో భాగహారాన్ని ఆయన తరవాతి ప్రకరణానికి వదిలేశాడు. అక్కడ చెప్పిన అనంత రాశిని నేటి బడి గణితం ఒప్పుకోదు, సున్నాతో భాగించడానికి అర్థం లేదనే చెబుతుంది. రుణ సంఖ్యల మీద ఆయనకే పూర్తి ధీమా లేని చోటు కూడా ఉంది. కోతుల గుంపు లెక్క ఒకదానిలో 50, 5 అని రెండు జవాబులు వస్తే, ఐదును పక్కన పెట్టాడు. గుంపులో ఐదో వంతు నుంచి మూడు తీసేయాలి గనక, ఐదుతో అది −2 అవుతుంది. అలాంటి రుణ సంఖ్యను లోకం ఒప్పుకోదన్నాడు. నా మటుకు నాకు ఇది లోపంగా తోచదు. సంఖ్య ఏ సందర్భంలో నిలుస్తుందో, ఏ సందర్భంలో నిలవదో అడిగే అలవాటు పిల్లలకు కూడా రావాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో విభేదిస్తాను. త్వరగా చెప్పమన్నాడు. పన్నెండేళ్ల పిల్లకు ఈ నాలుగో ప్రశ్న దగ్గర త్వరపడే అవసరం లేదు. వేగం సాధనతో తరవాత వస్తుంది. ముందు ప్రతి జవాబుకూ ఒక కారణం నోటితో చెప్పించాలి: పంచాను, కొలిచాను, గుణించి సరిచూశాను. మూడు కారణాల్లో ఏదో ఒకటి చెప్పలేని జవాబు, సరైనదే అయినా, ఇంకా తనది కాదు.

తల్లిదండ్రులకూ, టీచర్లకూ నా మనవి ఇది. మీ పిల్ల పూర్ణ సంఖ్యల భాగహారం దగ్గర ఇబ్బంది పడుతుంటే ఇరవై లెక్కల కాగితం ముందు పెట్టకండి. ఒక తెల్ల కాగితం మీద 8, 4 మాత్రమే రాసి, భాస్కరుడు అడిగిన వరసలోనే నాలుగు ప్రశ్నలూ అడగండి. నాలుగోదాని దగ్గర పిల్ల ఆగితే జవాబు అందించకండి, గుణించి చూడమనండి. ఆ నాలుగూ కారణాలతో చెప్పగలిగిన రోజున పాఠ్యపుస్తకంలోని అభ్యాసం తెరవండి.